లైట్లేస్తే ఆగిపోయే లిఫ్టు

నలుగురు కలిసి మనిషిని మోసుకెళ్తున్నప్పుడు సొంత జట్టు గోలు కొట్టకూడదు. ఈ ముక్క టైలరుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

చిన్నప్పట్నుంచీ ఆయనకి కాళ్ళు రెండూ చచ్చుబడి ఉన్నాయి. చేత్తో తిప్పే మిషను మీద బట్టలు కుడతాడు, చక్రాల కుర్చీలో ఊరంతా తిరిగేస్తాడు. చేతులంటారా, ఇనప చేతులు. ఒకసారి ఆయనతో చెయ్యి కలిపితే మీ వేళ్ళు మళ్ళీ ఓసారి లెక్క చూసుకోవాలి. ఎక్కడికైనా వెళ్ళగలడు గానీ ఆ స్టేడియం మెట్లు మాత్రం ఆయన్ని చూసి పళ్ళికిలించేవి. అందుకని మ్యాచ్ ఉన్నప్పుడల్లా నలుగురు మనుషులు కుర్చీకి తలో మూలా పట్టుకుని పైకి మోసేవాళ్ళు. ఓసారి సరిగ్గా సగం మెట్ల మీదుండగా లోపల మన జట్టు గోలు కొట్టింది. "గో...ల్!" అని నలుగురూ ఒక్కసారే చేతులు పైకెత్తేశారు.

ఇంక కుర్చీ ఆగుతుందా? దడదడా మెట్లన్నీ దిగి, గేటు దాటి, టికెట్లు చింపే ఆయన బల్ల దగ్గర ఆగిందట. ఆయన తలెత్తకుండానే "టికెట్టు?" అన్నాడట. ఇదంతా టైలరే పడీ పడీ నవ్వుతూ చెప్పేవాడు. ఆ తర్వాత ముక్క మాత్రం ఎవరికీ చెప్పడు. భుజం ఎముక విరిగి ఆస్పత్రిలో పడుంటే, ఆ రోజు నీళ్ళ సీసా పట్టుకుని వెనకే మెట్లెక్కిన చిట్టి కూతురు మంచం దగ్గర్నుంచి కదల్లేదు.

"నువ్వు దొర్లిపోతుంటే నాకేం చెయ్యాలో తెలీక నీళ్ళు తాగేశాను నాన్నా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇంకెప్పుడూ మోయించుకోకు."

"మోయించుకోనమ్మా" అని మాటిచ్చాడు. అంతే, మళ్ళీ ఆ స్టేడియం ముఖం చూళ్ళేదు.

ఆ పిల్లే పెరిగి గోల్‌కీపరైంది. పేరు పెట్టి ఎవరూ పిలవరు, ఊరందరికీ పిడుగే. కాకపోతే ఈ పిడుగు ఇంతవరకూ ఎక్కడా పడలేదు. జట్టులో పెద్ద కీపరు ఒకావిడ ఉంది, రాయిలాంటి మనిషి, జ్వరం కూడా రాదు. పిడుగు ఎప్పుడూ పక్కన బెంచీ మీదే. అలాంటిది ఈ వారం ఆ పెద్దావిడకి బొటనవేలు బెణికింది. వచ్చే వారానికి ఆవిడ వచ్చేస్తుంది. మధ్యలో ఈ ఒక్క మ్యాచ్‌కి పిడుగుని దించుతున్నారు. ఒక్కటంటే ఒక్కటే.

"నాన్నా, నువ్వు పైన కూర్చుని కనబడాలి. నువ్వు కనబడితే నాకు చేతులు వణకవు" అంది పొద్దున బూట్లు తుడుచుకుంటూ.

"కనబడకుండా ఎక్కడికి పోతానే? ఇప్పుడు లిఫ్టుంది కదా!"

ఆ లిఫ్టు కూడా ఊరికే రాలేదు. స్టేడియం మేనేజరు గారు ప్యాంటు కుట్టించుకోడానికొస్తే, టైలరు ఒక కాలు కుట్టి రెండో కాలు ఆపేశాడు. "లిఫ్టు పెట్టిస్తానంటేనే రెండో కాలు" అన్నాడు. మేనేజరు గారు ఒంటికాలు ప్యాంటుతో అద్దం ముందు నిలబడి ఎంత బతిమాలినా వినలేదు. ఆ తర్వాత కోటు కుట్టించుకునే ప్రతి పెద్దమనిషి దగ్గరా, ఒంటి మీద గుండుసూదులు గుచ్చుతూ గుచ్చుతూ మాట తీసుకున్నాడు. సూదులు గుచ్చుకుని ఉన్నప్పుడు కాదనే మగాడు ఇంకా పుట్టలేదు.

లిఫ్టయితే వచ్చింది గానీ దానికి వేరే కరెంటు లైను రాలేదు. "ఉన్నదాంట్లో సర్దెయ్" అన్నారు మేనేజరు గారు. సర్దింది ఎవరనుకున్నారు? టైలరు సొంత బావమరిదే. పోయిన భార్యకి తమ్ముడు, స్టేడియంలో కరెంటు పనంతా అతనిదే. మైదానం పెద్ద లైట్లకొచ్చే లైన్నే పట్టుకుని మధ్యలో ఓ స్విచ్చు పెట్టాడు. పైకంటే లైట్లు, కిందికంటే లిఫ్టు. రెండూ ఒకేసారి నడవవు. రిబ్బను కత్తిరించింది మిట్టమధ్యాహ్నం, మ్యాచ్‌లన్నీ పగలే. మరింక బావకి చెప్పి ఆయన సంతోషం చెడగొట్టడం దేనికని బావమరిది నోరు మెదపలేదు.

ఈ మ్యాచ్ మాత్రం సాయంత్రం పెట్టారు. బావమరిది ఉపాయం బాగానే ఉంది. పొద్దుండగానే చక్రాల కుర్చీల వాళ్ళందర్నీ పైకి పంపేస్తే ఆనక లైట్లు వేసుకోవచ్చు. కానీ టైలరు ఊరుకున్నాడా? కొత్త చొక్కా తొడుక్కుని, లిఫ్టు గుమ్మంలో సొంత ఇంటి గుమ్మంలో కూర్చున్నట్టు కూర్చుని, "రండమ్మా, ముందు మీరెక్కండి... అన్నయ్యా, మీరు పదండి, నేను చివర్న వస్తాగా" అని వచ్చినవాళ్ళందరినీ సాగనంపాడు. చివరికి ఆయనా, రేడియో తాతా మిగిలారు. తాతకి చూపు లేదు. చెవి దగ్గర రేడియో పెట్టుకుని మ్యాచంతా వింటాడు, ఆ ఆటని కళ్ళున్నవాళ్ళకంటే గట్టిగా తిడతాడు.

ఇద్దరూ ఎక్కారు. తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి బయల్దేరింది.

సరిగ్గా అప్పుడే నల్లటి మబ్బు పట్టింది. మైదానంలో బంతి కనబడట్లేదని రెఫరీ గొణిగాడు. బావమరిదేమో పైన కుర్చీలు సర్దుతున్నాడు. మేనేజరు గారు తనే పరుగెత్తుకెళ్ళి స్విచ్చు పైకి కొట్టారు. మైదానం పట్టపగల్లా వెలిగింది. జనం ఓ అని అరిచారు. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

"వచ్చేశామా?" అన్నాడు తాత.

"లేదు తాతా. దీపం ఆరింది."

"నాకు చెప్తావేంటయ్యా ఆ సంగతి!"

టైలరు బొత్తాలన్నీ నొక్కాడు. తలుపు గుద్దాడు. ఆ ఇనప చేతులతో గుద్దితే లిఫ్టు ఊగిందే గానీ కదల్లేదు. అంతలో మైదానంలో విజిలు వినబడింది. మ్యాచ్ మొదలైపోయింది. ఆయన గుండె జారి, కిందనున్న లిఫ్టు గుంతలో పడ్డట్టయింది. పదేళ్ళుగా కట్టుకున్న ఆశంతా ఆ డబ్బాలో, ఆ చీకట్లో, తాత ముక్కుపొడి వాసనలో కూర్చుంది.

"రేడియో పెట్టు తాతా!"

పెట్టాడు. గరగరమంది. ఇనప గోడల్లోకి మాట రానంది. "ఫర్లేదు, నాకు జనం అరుపు చాలు" అన్నాడు తాత. కాసేపటికి పైన పెద్ద హోరు లేచింది. తాత తొడ కొట్టాడు. "మన గోలే! ఆ అరుపు మన అరుపే! నీ కూతురు చేతిలోంచి బంతి పోవడమా!"

టైలరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో పైన కిర్రుమని తలుపు సందు విచ్చుకుంది. బావమరిది ఇనప కడ్డీతో తలుపు తెరిచి, పై అంతస్తు నేల మీద బోర్లా పడుకుని సందులోంచి తల పెట్టాడు. ముఖం తలకిందులుగా ఉన్నా, ఏడుపు మాత్రం సరిగ్గానే కనబడింది.

"బావా, వాళ్ళు గోలు కొట్టారు."

తాత దగ్గి, రేడియో కట్టేశాడు.

"ఈ డబ్బా కదలదేంట్రా?" అన్నాడు టైలరు.

బావమరిది స్విచ్చు సంగతంతా చెప్పాడు. చెప్తున్నంతసేపూ టైలరు పైకి చూస్తూనే ఉన్నాడు.

"లైట్లు ఆర్పితేనే నేను పైకొస్తాను. అంతేనా?"

"అంతే బావా. కానీ ఆ దీపాలు ఒకసారి ఆరితే పూర్తిగా చల్లారాకే మళ్ళీ వెలుగుతాయి. ఆలోపు మ్యాచ్ రద్దు చేసేస్తారు. నువ్వు ఊ అంటే ఆర్పేస్తాను, నా ఉద్యోగం పోతే పోయింది."

పిడుగు కోసం వచ్చాడు. ఆయన పైకి రావాలంటే పిడుగు ఆటే ఆగిపోవాలి. టైలరు చక్రాలు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

"ఆర్పావంటే మీ అక్క లేచొచ్చి నీ చెవి మెలేస్తుంది. ఆర్పకు."

"సరే బావా. మరింకో మాట." బావమరిది సందులోకి ఇంకాస్త వంగాడు. "పిడుగు బంతి వైపు చూడట్లేదు. నీ జాగా వైపు చూస్తోంది. అందరి కుర్చీలూ ఉన్నాయి, నీదొక్కటే లేదు. ఇందాక గోలు కూడా అలాగే పోయింది. ఇటు తల తిప్పింది, అటు బంతి వెళ్ళిపోయింది. నీకేదో అయిపోయిందనుకుంటోంది బావా."

"చెప్పు, బాగానే ఉన్నానని చెప్పు!"

"అరిచాను. ఈ జనంలో నా అరుపు నాకే వినబళ్ళేదు."

అంతలో మేనేజరు గారు కూడా వచ్చి సందులోకి వంగారు. "టైలరు గారూ, కాస్త ఓపిక పట్టండి. మ్యాచ్ అవ్వగానే లైట్లు ఆర్పేస్తాం. అప్పుడు హాయిగా పైకి రావచ్చు."

"మ్యాచ్ అయ్యాక పైకొచ్చి ఏం చూడను సార్, గడ్డా?"

సగం ఆటకి విజిలు పడింది. పైన కాళ్ళ చప్పుళ్ళు. టైలరు సందు వైపు చూశాడు. మనిషి పట్టే సందే. కుర్చీ మాత్రం పట్టదు. కుర్చీ వదిలేస్తే ఎవరో ఒకరు మొయ్యాలి. పిల్లకిచ్చిన మాట నీళ్ళలో కలిసిపోతుంది. పోనీ ఇక్కడే కూర్చుంటే, రెండో సగమంతా ఆ పిల్ల ఖాళీ జాగా వైపు చూస్తూ గోల్స్ ఇస్తుంది. బతుకంతా గుర్తుండే ఒకే ఒక్క మ్యాచ్‌ని అలా పోగొట్టుకుంటుంది. ఎటు చూసినా గొయ్యే. చొక్కా పై గుండీ తీసుకున్నాడు.

"తాతా, కాస్త వంగుతావా? నీ వీపు మీద చెయ్యేసి పైకి లేస్తాను."

"వంగుతా. నన్ను మాత్రం లాగొద్దు. పైనైనా కిందైనా నాకు ఒకటే చీకటి, ఇక్కడ చల్లగా ఉంది."

తాత వీపు మీద ఒక చెయ్యి, గోడ కమ్మీ మీద ఒక చెయ్యి వేసి టైలరు ఒళ్ళంతా పైకెత్తాడు. బావమరిది రెక్కలు పట్టుకుని లాగాడు. నడుము దాకా వచ్చి ఆగిపోయాడు. చొక్కా తలుపు కొక్కేనికి తగులుకుంది. "చింపెయ్!" అని అరిచాడు టైలరు. చిరిగితేగా! సొంత కుట్టు, రెండు వరసలు. తన పనితనాన్ని తనే బండబూతులు తిట్టుకున్నాడు. కింద విజిలు వినబడింది, ఆట మళ్ళీ మొదలైంది. చివరికి చొక్కాలోంచే జారి, బనీనుతో, మోచేతులు దోక్కుపోయి, సిమెంటు నేల మీద చేపలా వచ్చి పడ్డాడు.

"వీపెక్కించుకోరా."

"బావా, పిడుగుకి నువ్వు మాటిచ్చావు కదా..."

"తెలుసురా! ఎక్కించుకో!"

బావమరిది ఆయన్ని వీపున వేసుకుని గ్యాలరీలోకి పరుగెత్తాడు. వైపులు మారాయి కాబట్టి పిడుగు ఇప్పుడు సరిగ్గా వాళ్ళ కిందున్న గోలులో ఉంది. చూస్తే ఏముంది, చిన్నప్పుడు మెట్ల మీద నిలబడ్డట్టే నిలబడి ఉంది. ముఖంలో రంగు లేదు. మళ్ళీ తలెత్తింది.

చూసింది. నాన్న ఉన్నాడు. కుర్చీ లేదు. చొక్కా లేదు. మామయ్య వీపు మీద ఉన్నాడు.

టైలరు చెయ్యి ఊపాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు ఆయన జీవితంలో కుట్టిన అన్నిటికంటే కష్టమైన కుట్టు. పిడుగు ముఖం గట్టిపడింది. గ్లౌజుతో ముక్కు తుడుచుకుని మైదానం వైపు తిరిగింది. మళ్ళీ ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

అవతలి జట్టు అమ్మాయి ఒకతె ఫిరంగి గుండులా బంతి కొట్టింది. పిడుగు ఎగరలేదు, దూకలేదు, కడుపు అడ్డం పెట్టింది. ఆ చప్పుడు టైలరు పొట్టలో వినబడింది. జనం లేచి అరిచారు. బావమరిది చేతులు కూడా పైకి లేవబోయాయి.

"ఒరే! నేనున్నాను, నేనున్నాను!" అని టైలరు అతని మెడ పట్టుకుని వేలాడాడు.

మ్యాచ్ పోయింది. ఆ ఒక్క గోలుతోనే పోయింది. జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. టైలర్ని సిమెంటు మెట్టు మీద కూర్చోబెట్టి బావమరిది నడుము పట్టుకున్నాడు. పిడుగు బురద బూట్లతోనే పైకొచ్చింది.

"మోయించుకున్నావా?"

"మోయించుకున్నాను."

"మరి నాకిచ్చిన మాట?"

"నువ్వు ఇటే చూస్తున్నావన్నారే..."

పిడుగు కడుపు పట్టుకుని పక్కన కూలబడింది. అంతలో మేనేజరు గారు చేతులు రుద్దుకుంటూ వచ్చారు, ముఖం వెలిగిపోతోంది.

"చూశారా టైలరు గారూ! ఉపాయం దొరికింది. వీపున వేసుకొస్తే చిటికెలో పని అయిపోయింది! సాయంత్రం మ్యాచ్‌లకి కండగల వాళ్ళని పెడతాను. అందర్నీ వాళ్ళే తెస్తారు. ఇంక వేరే లైనెందుకు, ఖర్చెందుకు? ఉండండి, లైట్లార్పించి మీ కుర్చీ తెప్పిస్తాను."

టైలరు ఆయన వైపు చూశాడు. తర్వాత వరసగా కుర్చీల్లో ఉన్నవాళ్ళ వైపు చూశాడు. ఇందాక 'ముందు మీరెక్కండి' అని తను పంపినవాళ్ళే. అందరూ తల దించుకుని తమ మోకాళ్ళు చూసుకుంటున్నారు.

"ఆర్పకండి" అన్నాడు.

"ఏంటీ?"

"లైట్లు ఆర్పకండి. ఆ లైట్లు వెలుగుతుండగానే ఆ లిఫ్టు పైకి రావాలి, నా కుర్చీ తేవాలి, నేను దాంట్లో దిగాలి. అప్పటిదాకా ఇక్కణ్ణుంచి కదలను. ఇంకోసారి నా ఒంటి మీద ఎవడైనా చెయ్యేస్తే, ఈ చేతులతో వాడి చెయ్యి వాడికే కుట్టేస్తాను."

"అది ఇప్పటికిప్పుడు అయ్యే పనేనా? వేరే లైను లాగాలి!"

"లాగమనండి. లాగేవాడు ఇక్కడే నడుము పట్టుకుని నిలబడ్డాడు."

బావమరిది మేనేజరు గారి వైపు చూడలేదు. వైరు చుట్ట ఉన్న గది తాళాల కోసం జేబులో వెతుక్కున్నాడు. కుర్చీల్లోంచి ఒకావిడ చక్రాలకి బ్రేకు వేసుకుంది. ఆ పక్కాయన వేసుకున్నాడు. లిఫ్టు గుంతలోంచి తాత గొంతు వినబడింది. "ఏమయ్యా, ఎవరు గెలిచారు?"

ఇంకో కుర్చీకి బ్రేకు పడింది.

"చూడండి, ఇది మొండితనం" అన్నారు మేనేజరు గారు. "పొద్దున్నే ఊడ్చేవాళ్ళొస్తారు ఇక్కడికి!"

పిడుగు గ్లౌజులు విప్పి మెట్టు మీద పెట్టింది. జాకెట్టు తీసి నాన్న భుజాల మీద కప్పింది.

"రానివ్వండి సార్" అంది. "మా చుట్టూ ఊడ్చుకోమనండి."