ఘోడా మీద వేలు

"ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, లెక్కలు వచ్చు. అంతా బాగనే ఉన్నది. పిస్తోలు కాల్చ వచ్చునా?" అని అడిగాడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మేనేజరు.

రాదని చెప్పాను. రానిదాన్ని వచ్చని చెప్పే అలవాటు నాకు లేదు.

"మరెట్ల? చెరుకు రైతులకు ఊరూరు తిరిగి పైసలు పంచే గుమాస్తా నౌకరి ఇది. పైసల పెట్టె ముందట పెట్టుకోని బండిమీద పోవాలె. తోవ పొడుగూత చెరుకు తోటలే. మనిషి అందుల జొచ్చిండంటే మల్ల అగుపడడు." ఆయన నా డిగ్రీ కాగితాన్ని మడిచి నా చేతికిచ్చాడు. "దసరా పోయినంక క్రషింగు మొదలైతది. అప్పటికి నీ పేరు మీద లైసెన్సు తెస్తే నౌకరి నీది. తేకుంటే ఇంకొకలను సూసుకుంటం."

ఫ్యాక్టరీ పెట్టిన రెండో ఏటి మాట ఇది. మా వంశంలో బి.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. మా బాపు భోజన్న వేల్పూర్‌లో పసుపు పండిస్తాడు. తన కొడుకు లక్ష్మీరాజం పెద్ద నౌకరి చేస్తాడని ఊరందరికీ చెప్పుకొని నన్ను చదివించాడు. చదువైపోయి ఏడాది దాటినా ఆ నౌకరి ఎక్కడుందో దొరకలేదు. ఇప్పుడు దొరికింది కాని, మధ్యలో తుపాకి అడ్డమొచ్చింది. కాలేజీలో నేను చదివింది చరిత్ర. ఎన్నెన్నో యుద్ధాలు కంఠతా వచ్చు. తుపాకి ఏ చేత్తో పట్టుకోవాలో ఆ పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.

నేర్చుకోవడానికి కూడా లైసెన్సు కావాలేమోనని ముందుగా నిజామాబాద్‌లో జిల్లా పెద్ద అధికారి తాలూక్దారు కచేరీకి పోయి అడిగాను. అక్కడి గుమాస్తా నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నా నౌకరిల ఈ సవాలు అడిగినోన్ని నిన్నే సూస్తున్న. లైసెన్సున్న మనిషి పక్కన నిలవడి, ఊరవతల నేర్పితే నేర్చుకో. కొనుడు మాత్రం లైసెన్సు చేతికొచ్చినంకనే" అన్నాడు.

లైసెన్సుకు స్టాంపు కాగితం మీద దరఖాస్తు పెట్టాలి. పోలీసు అమీన్ సాబు మన సొంతూరికి పోయి, వీడు మంచివాడా, తాగుబోతా, ఊరికే కోపానికొస్తాడా అని తహకీకాతు చేయాలి. ఆ మీదట తాలూక్దారు సాబు సంతకం. దరఖాస్తు పెట్టేసి, ధర తెలుసుకుందామని సికింద్రాబాద్ దుకాణానికి పోయాను. లైసెన్సు లేదనగానే దుకాణదారు అల్మారీ అద్దం తెరవకుండానే లోపలి విలాయతీ రివాల్వరును వేలితో చూపించాడు. ధర కల్దారు, అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయల్లో చెప్పాడు. మన హాలీ సిక్కాలోకి మార్చుకుంటే అది ఇంకా పెరిగింది. కంటోన్మెంటు దాటగానే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. అన్నీ కలిపితే ఆ ఒక్క తుపాకి ధరకు రెండు జతల ఎడ్లొస్తాయి. ఎడ్లయితే దున్నుతాయి కూడా.

నాకు దారి చూపినవాడు ఖాసిం సాబు. సర్కారు ఫౌజులో జమేదారు చేసి, పింఛను తీసుకొని, నిజామాబాద్‌లో ఖిల్లా దిక్కు పెంకుటింట్లో ఉంటున్నాడు. ఆయన దగ్గర లైసెన్సున్న ఆరు గుండ్ల రివాల్వరు ఉంది.

"నాకు కండ్లు మసకలైనయి, బీఏ సాబ్. ఇది నువ్వే తీసుకో. ఒక్క జత ఎడ్ల ధర ఇయ్యి. అదిగూడ నౌకరి దొరికినంక, నెల నెల ఇంత" అన్నాడు.

"ఇచ్చెయ్ ఇచ్చెయ్!" అని పరదా వెనకనుంచి ఆయన భార్య మెహరున్నిసా గొంతు వినిపించింది. "పెండ్లైనకాడి నుంచి అది నాకు సవతి. పొద్దున లేస్తే దానికి నూనె, దానికి మల్మల్ గుడ్డ. నాకేమో పాత దుప్పటి!"

"అయితే ఇంకింత అగ్గువకియ్యరాదు చాచీ?" అన్నాను.

"అరె వా! సవతైతే ఏంది, మా ఇంటి మనిషి. అగ్గువకెట్ల ఇస్తం?"

మరునాటినుంచి పాఠాలు మొదలైనాయి. మొదట గుండ్లు లేవు. ఖాసిం సాబు ఖాళీ రివాల్వరు నా చేతికిచ్చి, ముందు చర్ఖీ తెరిచి చూడమన్నాడు. చర్ఖీ అంటే గుండ్లు కూర్చునే చక్రం.

"ఖాళీనే అని ఇప్పుడే మీరు చెప్పిండ్రు గద?" అన్నాను.

"నేను చెప్పిన. నువ్వు సూసినవా? పరాయి మాట మీద తుపాకి ముట్టుకోవద్దు." తర్వాత మీట చూపించాడు. "దీన్ని ఘోడా అంటరు. ఇది గుర్రమే. సరిగ్గ అదిమితే నువ్వు చెప్పినకాడికి పోతది. తొందరపడి గుంజితే నిన్నే పడేస్తది. గొట్టం ముందట ఏమున్నది, దాని అవతల ఏమున్నది, రెండూ సూడంది ఘోడా మీద వేలు పెట్టొద్దు. తాలూక్దారు సాబు చెప్పినా పెట్టొద్దు. సమఝే?"

గొట్టం మీద ఒక దమ్మిడీ పెట్టాడు. అది పడకుండా ఘోడా అదమాలి. మొదటి రోజంతా నేను దమ్మిడీ ఏరుకోవడమే నేర్చుకున్నాను. "దుకాణం పెట్టుకో, బీఏ సాబ్, చిల్లర మంచిగ జమైతుంది" అని పరదా వెనకనుంచి మాట వచ్చింది.

మెల్లమెల్లగా చెయ్యి కుదురుకుంది. ఊపిరి బిగబట్టి, చూపు కదల్చకుండా, ఎవరేమన్నా పలకకుండా అదమడం వచ్చింది. సరిగ్గా అట్లా బిగుసుకొని ఉన్నప్పుడే గడప బయట ఎవరో పిలిచారు. మా ఊరి పోశన్న. పసుపు అమ్మడానికి బండి కట్టుకొచ్చి, మా అవ్వ పంపిన మక్కగారెలు ఇద్దామని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"లక్ష్మీరాజం లేడా?"

నేను పలకలేను. దమ్మిడీ గొట్టం మీద ఉంది. మెహరున్నిసా చాచీయే జవాబు చెప్పింది: "ఆవాజ్ నకో కరో! అభీ ఘోడే పే హై!"

చప్పుడు చేయొద్దని, వేలు ఘోడా మీద ఉందని ఆమె అన్నమాట. పోశన్నకు వచ్చింది బజారు ఉర్దూ. ఆయనకు తెలిసిన ఘోడాకు నాలుగు కాళ్ళు, ఒక తోక ఉంటాయి.

"అరె! ఘోడా మీదున్నడా? ఎప్పటిసంది?" అన్నాడు.

"ఎప్పటిసందో. పొద్దున వస్తడు, ఘోడా. మాపటిదాక ఘోడా."

దమ్మిడీ పడకుండా అదిమి నేను బయటికొచ్చేసరికి గారెల మూట ఉంది, పోశన్న లేడు. "ఏమన్న చెప్పిండా?" అని అడిగాను. "ఏం లే. బహుత్ ఖుషీగ పోయిండు" అంది చాచీ, ఒక గారె నోట్లో వేసుకుంటూ.

ఆ వారమే జానకంపేట దిక్కు ఒక గుట్ట కింద అసలు గుండు కాల్చాను. గోనెసంచి మీద బొగ్గుతో గీసిన గుండ్రం నా గురి. కండ్లు ఎప్పుడు మూసుకున్నానో తెలియదు. తెరిచేసరికి సంచి అట్లాగే ఉంది, చెవుల్లో మాత్రం తుమ్మెదలు దూరాయి.

"తగిలిందా?" అన్నాను.

"తగిలింది. గుట్టకు తగిలింది. గంత పెద్ద గుట్టను ఒక్క దెబ్బకే కొట్టినవ్, షాబాష్!" అన్నాడు ఖాసిం సాబు. పొద్దు వాలేలోగా సంచికి రెండు బొక్కలు పడ్డాయి. ఆయన ఆ సంచిని మడిచి చంకలో పెట్టుకొని బజారంతా నడిచాడు.

తుపాకి మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు. అవ్వ భయపడుతుందని, అమీన్ సాబు రాకముందు పోయి నెమ్మదిగా చెబుదామనుకున్నాను. వేల్పూర్ పోయేసరికి ఆయన వచ్చి పోవడం కూడా అయిపోయింది. బాపు ముఖం వెలిగిపోతోంది.

"అమీన్ సాబు అడిగినవాటికి అన్నిటికి జవాబు చెప్పిన. పట్వారి లేకుండె, నేనే ఉర్దూల మాట్లాడిన. నువ్వు ఫికరు వెట్టుకోకు" అన్నాడు.

"నీకు భయం కాలేదా బాపూ?"

"భయమెందుకురా? మన వంశంల ఎవ్వలన్న పట్టిండ్రా దాన్ని? నువ్వు పట్టినవ్. లైసెన్సు అడుగుతుండ్రంటే సర్కారు దానిమీద కూడ పన్ను వేసిందన్నట్టు. వెయ్యనీ!"

అవ్వ భూమవ్వ నా చెయ్యి పట్టుకుంది. "పడకుంట సూసుకో బిడ్డా."

"పడదవ్వా. ఇప్పుడు గట్టిగ పట్టుకుంటున్న."

"దానికి ఏం పెడుతున్నరు?"

"అప్పుడప్పుడు నూనె పెట్టాలె, గంతే."

"నూనెనా!" అని అవ్వ బాపు వైపు చూసింది. "కాళ్ళకు రాస్తరు కావచ్చు" అన్నాడు బాపు గొంతు తగ్గించి. ఎవరి కాళ్ళకో నాకు అర్థం కాలేదు. వాకిట్లో చాపనిండా ఉలవలు ఎండుతున్నాయి. చారు కోసమనుకున్నాను. ఇంత మంచి తల్లిదండ్రులు ఎవరికుంటారని సంతోషపడుతూ తిరిగొచ్చాను.

దసరా దగ్గర పడుతుండగా కచేరీ నుంచి పిలుపు వచ్చింది. అమీన్ రిపోర్టు చాలా ఖరాబుగా ఉంది, తండ్రిని వెంటబెట్టుకొని హాజరు కావాలని. కబురందుకొని బాపు చంకలో ఒక మూటతో, తలకు ఉతికిన రుమాలుతో దిగాడు. పెండ్లికి పోతున్నవాడి తీరు ఉన్నాడు.

తాలూక్దారు సాబు కండ్లద్దాల మీదుగా మమ్మల్ని చూసి, "చదువు" అన్నాడు అమీన్‌తో. అమీన్ సాబు ఉర్దూలో చదివాడు. నేను నిలబడి విన్నాను.

"నీ కొడుకు ఘోడా నెమ్మదిగా అదుముతాడా, తొందరగానా అని అడిగినాను. తొందరగా, కండ్లు మూసి తెరిచేలోపల అన్నాడు. ఎక్కడ అంటే, దసరా నాడు బజారు నడుమ, అందరూ చూడంగ అన్నాడు. జనముంటారు కదా అంటే, జనమే పక్కకు జరగాలె అన్నాడు. ఎవరన్నా జరగకపోతే అంటే..." అమీన్ సాబు మీసం తుడుచుకున్నాడు. "జరగకపోతే మీదికెల్లే పోతది అన్నాడు."

నా నౌకరి కిటికీలోంచి ఎగిరిపోవడం కండ్లారా చూశాను. పక్కకు తిరిగితే బాపు తృప్తిగా తల ఊపుతున్నాడు.

"ఏం చదివిండో సమజైందా బాపూ?"

"ఘోడా, దసరా, బజారు. అన్నీ సరిగ్గ రాసిండు. మంచి అమీను."

"బాపూ! బజార్ల నేను ఎవ్వన్ని కాలుస్త అనుకున్నవే?"

"కాల్చుడేందిరా?" బాపు బిత్తరపోయాడు. "గుర్రం మీద పోయెటోడు ఎవ్వన్నన్న కాలుస్తడా? నువ్వు ఎక్కుతున్నవని పోశన్న చెప్పిండు. జమ్మి కాడికి నిన్ను గుర్రం మీద సూడాలని మీ అవ్వ ఆశ. ఇగో, మొదటి మేత మన ఇంటినుంచే పోవాలన్నది." మూట విప్పి తాలూక్దారు సాబు బల్ల మీదే పెట్టాడు.

ఉలవలు.

ఏమంటున్నాడని సాబు అడిగాడు. నేను ఉర్దూలో మొదటినుంచి చెప్పాను. దమ్మిడీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కండ్లద్దాలు తీశాడు. పోశన్న దగ్గరికి వచ్చేసరికి రుమాలు తీశాడు. అమీన్ సాబు కొంచెంసేపు గోడ వైపు తిరిగి ఓర్చుకున్నాడు కాని, మీసం ఆయన మాట వినలేదు.

"సరే" అన్నాడు సాబు కండ్లు తుడుచుకొని. "నవ్వు వేరు, లైసెన్సు వేరు." సొరుగులోంచి తన రివాల్వరు తీసి నా ముందుకు జరిపాడు. "ఖాళీదే. ఆ కిటికీ అవతల వేపకొమ్మ మీద కాకి ఉన్నది. గురి పెట్టి ఘోడా అదుము. నీ చెయ్యి చూస్తాను."

గొట్టం గోడ దిక్కు ఉంచి రివాల్వరు తీసుకున్నాను. చర్ఖీ తెరిచాను. ఖాళీదే. మూసి, వేలు ఘోడా పక్కన చాపి ఉంచి, కిటికీ వైపు చూశాను. కాకి ఉంది. కాకి కింద కచేరీకి వచ్చిన రైతులు కూర్చొని బువ్వ తింటున్నారు.

"అదమను సాబ్" అన్నాను.

"ఎందుకు? ఖాళీదే కదా."

"ఖాళీదే, సూసిన. కాని అవతల మనుషులున్నరు."

"నేను హుకుం ఇస్తున్నాను."

బడిలో పంతుళ్ళ మాట, ఇంట్లో బాపు మాట, కచేరీల్లో గుమాస్తాల మాట కూడా నేనెప్పుడూ కాదనలేదు. వాళ్ళతోపాటు నవ్వుతున్న బాపు, మాటలు తెలియకపోయినా నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"మీ హుకుం తల మీద పెట్టుకుంట సాబ్. వేలు మాత్రం పెట్టను" అని రివాల్వరును గోడ దిక్కు తిప్పి బల్ల మీద, ఉలవల పక్కన పెట్టేశాను.

సాబు కలం తీసి సిరాలో ముంచాడు.

"అమీన్ సాబ్, రిపోర్టు మార్చి రాయండి. ఈ మనిషి ఘోడా చానా సుస్తు, తొందరపడదు. బజార్లో ఎవ్వరూ పక్కకు జరగనక్కరలేదు."

సంతకం తడి ఆరకముందే మేం ఖాసిం సాబు ఇంటికి పోయాము. మెహరున్నిసా చాచీ ఆ ఉలవలన్నీ ఉడికించి, ఉప్పూ కారం వేసి గుగ్గిళ్ళు చేసింది. "సవతిని అత్తగారింటికి తోలుతున్న. దావతు లేకుంటే ఎట్ల?" అంది. ఖాసిం సాబు రివాల్వరును కడసారి మల్మల్ గుడ్డతో తుడిచాడు. ఎంతసేపు తుడిచాడంటే, "ఇగ ఇయ్యి, పిల్లగాడు ఈడనే ముసలోడైతడు" అని చాచీయే ఆయన చేతిలోంచి తీసుకొని నాకిచ్చింది. ఆ గుడ్డ కూడా ఇచ్చింది.

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పించి చూశాడు, ముట్టుకోలేదు. "గింతేనా? జత ఎడ్ల ధర పెట్టి గింత గుర్రమా! పోనీ, మేత ఖర్చు లేదు" అన్నాడు.

క్రషింగు మొదలైనంక అవ్వ నాకు వండిపెట్టడానికి బోధన్ వచ్చింది. ఊళ్ళు తిరిగి పైసలు పంచి నేను ఇంటికి రాగానే, కాళ్ళు కడుక్కోకముందే వంటింట్లోంచి అడుగుతుంది:

"బిడ్డా, గుర్రాన్ని కట్టేసినవా?"

చర్ఖీ తెరిచి, గుండ్లు తీసి వేరే డబ్బాలో వేసి, రివాల్వరును పెట్టెలో పెట్టి తాళం తిప్పుతాను.

"కట్టేసిన అవ్వా."

"ఇయ్యాల ఏమన్న ఉరికిందా?"

"లేదవ్వా, పండుకునే ఉన్నది."

"బంగారు గుర్రం" అని అవ్వ బువ్వ వడ్డిస్తుంది.