డ్యాం నిండాలి, మంత్రి రావాలి

క్రాంతికి సుబ్బరామయ్యంటే ఒళ్ళు మంట. సూరత్‌కు ఎగువనున్న డ్యాంలో ఎప్పుడు ఎంత నీరుంచాలో చెప్పే ఆఫీసుకు ఆయన పెద్ద, క్రాంతి ఆయన కింద ఇంజనీరు. ఇద్దరిదీ గుంటూరు వైపే. ఆయనకు మబ్బును చూడటం రాదు గానీ మంత్రుల మొహాలు చూడటం బాగా వచ్చని క్రాంతి తిట్టుకునేవాడు. ఆ తిట్లన్నీ లోలోపలే.

సముద్రంలో తుఫాను లేచింది. ఎగువన కుండపోత తప్పదని వాతావరణ శాఖవాళ్ళు నెత్తీనోరూ బాదుకుంటున్నారు. వరద రాకముందే కొద్దికొద్దిగా నీళ్ళు వదిలి డ్యాంలో చోటు చేసుకోవాలని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ శుక్రవారం జలపూజ. డ్యాం నిండితే మంత్రి వచ్చి హారతిచ్చి, నీళ్ళకు ఎర్రచీర, కొబ్బరికాయ సమర్పించడం అక్కడి ఆనవాయితీ. వెలితి డ్యాంకు ఎవడు హారతిస్తాడు? ఫొటోలో గట్టు బురద కనబడదూ?

"కాస్త దించుదాం సార్" అని నసిగాడు క్రాంతి.

"పూజ కానివ్వవయ్యా, సాయంత్రమే గేట్లెత్తేద్దాం. ఈలోగా ఎవరి దగ్గరా వాగకు. ఊళ్ళో పుకారు లేచిందంటే మనిద్దరి ఉద్యోగాలూ గల్లంతే" అన్నాడు సుబ్బరామయ్య, సెంటు రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

"అలాగేనండి" అని బయటికొచ్చి, మనసులో ఆయన్ని ఏడు తరాలతో సహా కడిగేశాడు క్రాంతి. అలా కడిగినప్పుడల్లా తానేదో ఘనకార్యం చేసినట్టు అతనికి హాయిగా ఉండేది.

శుక్రవారం పొద్దున కారు తలుపు తీసి పట్టుకుని డ్రైవర్ పరుశురాం నీళ్ళు నమిలాడు. కరీంనగర్ పక్క పల్లె నుంచి మగ్గాల పనికొచ్చి, తర్వాత స్టీరింగు పట్టినవాడు. సూరత్‌లో నదికి కట్టిన వరద గోడ పక్కన రేకుల గదిలో, మంచం దిగలేని తల్లి బుచ్చవ్వతో ఉంటాడు.

"సార్, తుఫాన్ అంటున్నరు గదా. నదికి దూరంగ, గోడాదరల మా అక్క మూడో మంజిల్ల ఉంటది. అవ్వను గాడ దించి రావాల్నా? జర ఒక్క పూట ఛుట్టీ ఇయ్యరాదుండ్రి. డ్యాం సంగతి మీకెర్కనే గదా, మీరేమంటే గది."

క్రాంతికి అన్నీ తెలుసు. నోరు విప్పితే సుబ్బరామయ్య చెవిన పడుతుందనీ తెలుసు. పైగా డ్రైవర్ వెళ్ళిపోతే పూజకు చేరేదెలా?

"ఏం కాదులే. పద, ఆలస్యమవుతోంది" అన్నాడు.

పూజ దివ్యంగా జరిగింది. మంత్రి చీర వదిలాడు. సుబ్బరామయ్య పళ్ళెం పట్టాడు. పళ్ళెంలో కర్పూరం క్రాంతి వెలిగించాడు. అందరూ పళ్ళికిలించి ఫొటోలు దిగారు. పొద్దు వాలేసరికి వచ్చిన వరద డ్యాంలో పట్టలేదు. నిదానంగా వదలాల్సిన నీళ్ళను గేట్లన్నీ ఎత్తి ఒక్కసారే వదిలారు. దారి తెగి పరుశురాం డ్యాం దగ్గరే చిక్కుకుపోయాడు. సూరత్‌లో నది గోడ దాటింది. వాడవాళ్ళంతా మిద్దెలెక్కారు. బుచ్చవ్వ ఎక్కలేకపోయింది.

దినాలయ్యాక క్రాంతి గోడాదరా వెళ్ళాడు. దారంతా కూడగట్టుకున్న కోపాన్ని అక్క ఇంటి గుమ్మంలోనే కుమ్మరించాడు.

"ఇదంతా ఆ సుబ్బరామయ్య నిర్వాకం పరుశురాం. నీళ్ళు దించుదామని నేను ముందే చెప్పాను, వింటేగా. వాడసలు మనిషేనా?"

పరుశురాం అతన్ని లోపలికి రమ్మనలేదు.

"పెద్దసారును నేనెన్నడూ అడగలే సార్. నేనడిగింది మిమ్ముల" అని, కారు తాళంచెవి క్రాంతి చేతిలో పెట్టి తలుపు వేసుకున్నాడు.