గోతాంలో ఒక పిక్క

పలాసలో గోపాలరావు జీడిపిక్కల వ్యాపారం మొదలుపెట్టి ముప్పై ఒక్క ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆయన గట్టిగా నమ్మిన సంగతి ఒక్కటే. గోతాం మూతి దగ్గర సరుకు అబద్ధం చెబుతుంది, నడుమ సరుకు నిజం చెబుతుంది. లారీ దిగగానే నాలుగు గోతాలు ఎంచి, మోచేతి దాకా చెయ్యి దోపి, గుప్పెడు పిక్కలు తీసి ఒక్కొక్కటీ రెండుగా కోసి చూసేవాడు. నిండినవెన్ని, ముడుచుకున్నవెన్ని, పుచ్చినవెన్ని అని చూసుకుని, టీ చల్లారే లోపల లారీ మొత్తానికి ఎంత పప్పు దిగుతుందో చెప్పేసేవాడు.

ఎన్నికల్నీ అలాగే కోసి చూసేవాడు. టెక్కలి బస్టాండులో ఒకడిని, కోటబొమ్మాళి సంతలో ఇద్దరిని, సంతబొమ్మాళి వైపు వలలు బాగుచేసుకునేవాళ్లలో నలుగురిని మాటల్లో దింపి అడిగేవాడు. పార్టీవాళ్లని మాత్రం అడిగేవాడు కాదు. వాళ్లు గోతాం మూతి దగ్గర పేర్చిన పిక్కలు. మూడు ఎన్నికల్లో ఆయన చెప్పింది చెప్పినట్టు జరిగింది. దాంతో ఈ వేసవిలో కొట్టుకి వచ్చినవాడల్లా పిక్కల ధర కన్నా ముందు పెద్దాయన సంగతి అడుగుతున్నాడు. పెద్దాయన అంటే ఢిల్లీలో ఉన్న ప్రధాని. ఆయన మళ్లీ వస్తాడా, రాడా?

"ఏటి మావా, కోసి సూసీసేవా?" అన్నాడు దళారీ దుర్గాప్రసాద్, బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటూ.

"సూసేను. వత్తాడు. కానీ గోతాం నిండదు. పక్కోడి దగ్గర నాలుగు కుంచాలు బదులడిగి మూతి కుట్టుకోవాల."

"టీవీలోళ్లు పొర్లిపోద్దంటన్నారే."

"ఆళ్లు లారీ ఎక్కకండా రంగు సూసి ధర సెప్తారు. నువ్వూ అంతే. అందుకే నీకింకా సొంత కొట్టు లేదు."

దుర్గాప్రసాద్ నవ్వాడు. వెనక గదిలో నులకమంచం మీద పడుకున్న వరహాలమ్మ కూడా నవ్వింది.

వరహాలమ్మ గోపాలరావుకి అక్క, ఆయన 'అప్పా' అని పిలుస్తాడు. వజ్రపుకొత్తూరు అవతల సముద్రం ఒడ్డు ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో లాగే ఆమెకీ కిడ్నీలు పాడయ్యాయి. సోమవారం, గురువారం పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని, ఒంట్లో ఓపిక తిరిగేదాకా తమ్ముడి కొట్టు వెనక పడుకుని, సాయంత్రం బస్సెక్కుతుంది. ఆయన వ్యాపారం పెట్టిన తొలిరోజుల్లో పిక్కలు కొట్టింది ఆమే. ఎడమచేత్తో పిక్క పట్టి, కుడిచేత్తో కొట్టి, పప్పు విరగకుండా తీసేది. ఇప్పటికీ ఇంటి దగ్గర ఊరుకోలేక ఎవరివో నాలుగు పిక్కలు ముందేసుకుంటుంది. జీడిసొన పట్టి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు గోళ్లతో సహా నల్లగా ఉంటాయి.

దుర్గాప్రసాద్ వెళ్లాక ఆమె లేచి కూర్చుంది. "ఒరే గోపాలం, సోమవారం ఓట్లు కదా. ముందు ఓటేసొచ్చి మద్దేనం మిసన్ కాడికెల్తాను."

"పొద్దుటి వంతు పోతే మద్దేనం ఖాళీ ఉంటాదని ఎవులు సెప్పేరు? ఒద్దప్పా. సోమవారం మిసనే ముక్యం."

"పోయినసారి ఏటయిందో నీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. పోయిన ఎన్నికలప్పుడు ఆమె రెండు నెలలు విశాఖపట్నం ఆసుపత్రిలో ఉంది. ఇంటికి తాళం చూసి ఎవరో ఏదో చెప్పారు, ఎవరో రాసుకున్నారు. ఓటు వెయ్యడానికి వెళ్తే జాబితాలో ఆమె పేరు పక్కన చనిపోయినట్టు ఉంది. ఎదురుగా నిలబడి "నేనేనయ్యా" అన్నా ఓటు ఇవ్వలేదు. ఆ తర్వాత ఆమె నాలుగుసార్లు మండలాఫీసుకి తిరిగి, దరఖాస్తు పెట్టి, ఫోటో ఇచ్చి, పేరు మళ్లీ ఎక్కించుకుంది.

"పేరెక్కింది కదా. అది సాలు. నీ ఒక్క ఓటుతో పెద్దాయన రాడూ, ఆగడూ. లక్షల లెక్కప్పా అది. లక్షల్లో ఒకటి."

వరహాలమ్మ తన నల్లటి వేళ్లు చూసుకుంది. "గుప్పెడు పిక్కలు కోసి లారీ ధర సెప్పీసే మడిసివి, నువ్వే ఒక్కదానికి లెక్క లేదంటావేటి? నీ గుప్పెట్లో ఒక పుచ్చు పిక్క ఎక్కువొత్తే రైతు మొకం మీద ధర తగ్గించవేటి?"

గోపాలరావు గొంతు పెంచాడు. బేరం తిరగబడ్డప్పుడు అది వ్యాపారంలో అలవాటైన పని. "నీతో వాదించలేను గానీ, సోమవారం తిన్నగా మిసన్ కాడికెల్లు. ఒట్టెయ్యి."

ఆమె ఒట్టు వెయ్యలేదు. "సరేలే" అంది. ఇంతకీ ఎవరికి వేద్దామనుకుంటున్నావని ఆయన అడిగాడు. ఊరందరినీ అడిగి అక్కని అడక్కపోతే లెక్క తప్పుతుంది కదా. "నీకెందుకు సెప్తాను? సెప్తే సందకాడికి పలాసంతా పాకిపోద్ది" అని ఆమె చీర సర్దుకుని లేచింది.

సోమవారం ఆటోలన్నీ పార్టీల పనిమీద తిరుగుతున్నాయి. గోపాలరావు ఫోన్ చేస్తే, పక్కింటి సుభద్రతో బస్సులో వస్తున్నానంది అక్క. ఆయన రోజంతా పలాస పోలింగ్ బూతుల చుట్టూ, టీ కొట్ల చుట్టూ తిరిగాడు. కొట్టు తాళం వేసే ఉంది, అందుకే అక్క అక్కడికి రాకపోవడం వింతగా అనిపించలేదు. సాయంత్రం మోటారు సైకిల్ మీద ఆమె ఊరికి వెళ్లి చూశాడు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మోచెయ్యి మడతలో దూది, దాని మీద పట్టీ. మొహం కొంచెం ఉబ్బి ఉంది. ఎండకు అనుకున్నాడు.

"సేయించుకున్నావా?"

"సేయించుకున్నాను. పట్టీ కనబడ్డంలేదేటి?"

ఆయన చేతులవైపు కూడా చూశాడు. ఎడమ చూపుడువేలు నల్లగా ఉంది. అది ఎప్పుడూ నల్లగానే ఉంటుంది.

మంగళవారం పొద్దున దుర్గాప్రసాద్ ఊళ్ల నుంచి ఏజెంట్లు టిక్కులు పెట్టిన ఓటరు జాబితాలు సంపాదించి తెచ్చాడు. బూతులో కూర్చున్న పార్టీ ఏజెంటు ఓటేసినవాళ్ల పేరు పక్కన ఎర్ర పెన్నుతో గీస్తాడు, చివరి పేజీలో మొత్తం వేస్తాడు. గోపాలరావుకి ఆ మొత్తాలే కావాలి. అక్క ఊరి బూతుది కూడా ఉంది. చివరి పేజీ తిప్పాడు. ఆరు వందల పదకొండు. పుస్తకంలో రాసుకుని జాబితా బల్ల కింద పడేశాడు.

బుధవారం తెల్లవారక ముందే వరహాలమ్మకి ఊపిరి ఆడలేదు. పలాస తెచ్చే దారిలోనే ప్రాణం పోయింది. ఈ జబ్బు ఎప్పుడు తీసుకుపోతుందో తెలీదు అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్లు. ఆ తీరంలో ఆ మాటకు ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. గోపాలరావు కూడా వెయ్యలేదు. మొన్ననే మిషన్ ఎక్కింది కదా, అయినా పోయింది, రాత ఇంతే అనుకుని కర్మకాండ జరిపించాడు.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. పెద్దాయన వచ్చాడు, గోతాం నిండలేదు. మధ్యాహ్నానికి కొట్టు ముందు జనం పోగయ్యారు. దుర్గాప్రసాద్ అందరికీ టీలు చెప్పి, "మా మావ నాలికి మీద మచ్చుందిరా" అంటున్నాడు. గోపాలరావు నవ్వలేకపోయాడు. వెనక గదిలో నులకమంచం నిలబెట్టి ఉంది.

మూడోనాడు బూతుల వారీ లెక్కలు చేతికొచ్చాయి. తన పుస్తకంతో సరిచూసుకోవడం ఆయన అలవాటు. అక్క ఊరి బూతు దగ్గర ఆగాడు. పుస్తకంలో ఆరు వందల పదకొండు, లెక్కలో ఆరు వందల పన్నెండు. ఒకటి తేడా. ఇంకొకరైతే వదిలేసేవారు. ఆయన బల్ల కింద జాబితా తీసి, దుమ్ము దులిపి, మొదటి పేజీ నుంచి టిక్కులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

పన్నెండో పేజీలో అక్క ఫోటో ఉంది. పక్కన ఎర్ర టిక్కు.

ముందు ఒళ్లు మండింది. పోయినసారి బతికుండగా చంపేశారు, ఈసారి ఆవిడ ఓటు ఎవడో దొంగ వేసేశాడు. జాబితా చంకలో పెట్టుకుని మోటారు సైకిలెక్కాడు. సుభద్ర ఇంటి ముందు కొబ్బరిపీచు ఆరబెడుతోంది. ఆయన పేజీ తెరిచి చూపించాడు.

"ఇదెవులేసేరు? అప్పని పలాసలో దించీసొచ్చి నువ్వు లైన్లో నిలబడుంటావు కదా, సెప్పు."

సుభద్ర పేజీ చూసి, చేతులు చీరకి తుడుచుకుని, కింద కూర్చుండిపోయింది.

"అప్పే ఏసింది బాబూ."

"సోమవారం మిసనెక్కింది కదా?"

"ఎక్కలేదు. ఏడింటికే లైన్లో నిలబడ్డాం. గంటలో అయిపోద్ది, మద్దేనం వంతుకి ఎల్లిపోదామనుకుంది. ఓట్ల మిసను ఆగిపోనాది. కొత్తది తెచ్చీసరికి పదకొండు దాటింది. ఎల్లిపోదాం రాప్పా అంటే, ఈసారి కూడా సచ్చినదాన్నయి ఎల్లనా అంది. ఎండకి నాలుక పిడసకట్టుకుపోతే ఎవులో బొండం కొట్టిత్తే తాగీసింది. వొద్దప్పా, డాట్రు తాగొద్దన్నాడు కదా అన్నాను. ఒక్కటికేటవుద్దే అంది. ఓటేసీసరికి రెండయింది. ఫోన్ సేత్తే ఆ రోజుకి వంతుల్లేవు, గురువారం రమ్మన్నారు."

"మరి పట్టీ?"

"ఇంట్లో పాతది ఉంటే తనే అంటించుకుంది. తమ్ముడు కేకలేత్తాడు, గురువారం దాకా ఓర్సుకుంటానులే, నువ్వు సెప్పకు అని ఒట్టేయించింది." సుభద్ర కళ్లు తుడుచుకుంది. "ఆ సందకాడ ఎంత సంబరపడిందో. నా వేలు నల్లగానే ఉంది, సుక్క పెట్టినా ఆడికి కనబడదే అని నవ్వింది."

గోపాలరావు అరుగు మీద కూర్చున్నాడు. లెక్క చెయ్యకుండా ఉండలేని మనిషి, ఆ లెక్క కూడా చేశాడు. జాబితా తన బల్ల మీదికి వచ్చింది మంగళవారం తొమ్మిదింటికి. ఊపిరి ఆగింది బుధవారం నాలుగింటికి. నడుమ పందొమ్మిది గంటలు. పేజీలు తిప్పడానికి అయిదు నిమిషాలు పట్టేది. ఆ టిక్కు చూసుంటే అరగంటలో ఇక్కడికి వచ్చి, ఎవరి కాళ్లో పట్టుకుని ఆ సాయంత్రమే మిషనెక్కించేవాడు. గోతాం నడుమకి చెయ్యి పెట్టే మనిషి, ఆ ఒక్కసారి మూతి చూసి కట్టేశాడు.

జేబులో ఫోన్ మోగింది. దుర్గాప్రసాద్. "మావా, టెక్కలి నుంచి పెద్దోళ్లొచ్చేరు. పెద్దాయన అయిదేళ్లూ నిలబడతాడా లేదా అని అడుగుతన్నారు. ఏటి సెప్పమంటావు?"

"నాకు తెలీదని సెప్పు."

"అదేటి మావా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. సుభద్ర తనంతట తనే అంది, "ఎవులికేసిందో నాకూ సెప్పలేదు బాబూ."

"అడగలేదులే" అన్నాడు గోపాలరావు.

పన్నెండో పేజీ ఇంకా ఒళ్లో తెరిచే ఉంది. మిగిలిన టిక్కులు లెక్కపెట్టకుండానే జేబులోంచి పుస్తకం తీసి, ఆరు వందల పదకొండు కొట్టేసి, ఆరు వందల పన్నెండు అని రాసుకున్నాడు.