తిరగేసిన గొలుసు

మా ఆయన ఫర్నిచర్ షోరూంలో మేనేజరు. రోజూ బల్లలూ బీరువాలూ అమ్ముతాడు కాబట్టి కర్ర గురించి తనకి తెలియనిది లేదని ఆయన గట్టి నమ్మకం. ఆ లెక్కన చేపలమ్మేవాళ్ళందరికీ ఈత వచ్చి ఉండాలి.

ఆ నమ్మకంతోనే ఓ రోజు పెట్రోలుతో నడిచే రంపం కొనుక్కొచ్చాడు. మా పెరట్లో ఉన్నవి నాలుగు చెట్లు, కాస్త కంచె. వాటికి చేతిరంపం చాలు. కానీ చేతిరంపం చప్పుడు చెయ్యదు, ఈయనకి కావలసింది చప్పుడే. తాడు లాగి ఇంజన్ని రెండుసార్లు గుర్రుమనిపిస్తే వీధి చివర దాకా వినపడాలి. అప్పట్నించీ వీధిలోవాళ్ళు ఆయన్ని రంపాల రాయుడంటారు. అది వెక్కిరింతని నేను చెప్పలేదు, ఆయన పొంగిపోతుంటే పోనీలే అనుకున్నాను.

రంపంతో పాటు హెల్మెట్టు, కళ్ళద్దాలు, చెవులకి మూతలు, చేతి తొడుగులు, రంపం తగిలినా తెగని మందపాటి ప్యాంటు కూడా కొన్నాడు. అన్నీ తొడుక్కుని గుమ్మంలో నిలబడి నాచేత ఫొటో తీయించుకున్నాడు. ఫొటో అయ్యాక అన్నీ విప్పి అటకెక్కించాడు.

"ఉక్కపోస్తోంది" అన్నాడు.

ఆ తరవాత ఎప్పుడు రంపం పట్టినా పొట్టి నిక్కరు, హవాయి చెప్పులే. మొదటిరోజు ఆ వేషంలో ఒక చేత్తో రంపాన్ని భుజం పైకెత్తి, రెండో చేత్తో పక్కింటాయనకి నమస్కారం పెట్టాడు.

నేను ఆసుపత్రిలో డ్రెస్సింగ్ రూం నర్సుని. ఒకాయన తొడలోంచి రంపపుపొట్టు ఏరిన చేతులివి. కత్తి గాయానికి అంచులుంటాయి, కుట్టొచ్చు. ఈ రంపం కోయదు, పీకుతుంది. ఆ పేషెంటు కూడా మా ఆయనలాగే అన్నీ తెలిసినవాడు.

"ఆ ప్యాంటు వేసుకుని కొయ్యండి" అన్నాను.

"నీ బ్యాండేజీల సంగతి నువ్వు చూసుకో. కర్ర సంగతి నేను చూసుకుంటా."

"ఆ రెండూ ఒకచోట కలుస్తాయండీ. నా భయం అదే."

నవ్వాడు. బతిమాలాను, అలిగాను, రంపాన్ని మంచం కింద దాచాను. వెతికి తీసుకున్నాడు. ఇక చెప్పి లాభం లేదని తెలిసిపోయింది.

మా ఇంట్లో వాడటం ఆయనది, కడగటం నాది. గిన్నెల దగ్గర్నించీ ఇదే పద్ధతి, రంపానికీ అదే వర్తించింది. కోత అవగానే రంపాన్ని నా ముందు పడేసి స్నానానికి పోతాడు. అది చల్లారాక నేను పక్క మూత విప్పి, నూనెలో నానిన పొట్టు బ్రష్షుతో దులుపుతాను. గాలి ఫిల్టరు దులిపి, నూనె వచ్చే బెజ్జం పూడుకుపోకుండా చూసి, గొలుసుని ఆపే ముందు బ్రేకుని నెట్టి టక్కుమని పడుతోందో లేదో చూస్తాను. ఆసుపత్రిలో కత్తెరలు కడిగేదాన్ని, ఇదో లెక్కా.

ఒకరోజు రంపం పళ్ళుండే గొలుసు విప్పి, గుండ్రటి ఆకురాయితో పళ్ళు పదును పెట్టి, మళ్ళీ ఎక్కించబోతూ ఆగాను. పళ్ళు ముందుకి చూస్తేనే అది కర్రని కోస్తుంది. వెనక్కి చూసేలా తిరగేసి ఎక్కించి బిగించాను. ఇలా చెయ్యకూడదని నాకు తెలుసు. కాలు పోగొట్టుకోకూడదని కూడా తెలుసు.

తరవాతి ఆదివారం నించీ చూడాలి ఆయన తంటాలు. ఇంజను అరుస్తుంది, పొగ లేస్తుంది, కర్ర మాడుతుంది, తెగదు. ఓసారి కర్ర మరీ పచ్చిదన్నాడు. ఓసారి మరీ ఎండిందన్నాడు. పెట్రోలు కల్తీ అన్నాడు, గాలిలో తేమ అన్నాడు. ఒక్కసారి వంగి గొలుసు పళ్ళు ఎటున్నాయో చూస్తే సరిపోయేది. వంగడం ఆయన జాతకంలో లేదు. మర్నాడు ఆయన షోరూంకి వెళ్ళాక ఆ కొమ్మని నేనే చేతిరంపంతో కోసి పక్కన పెట్టేదాన్ని.

సాయంత్రం చూసి, "చూశావా, నేను సగం కోసిపెట్టబట్టే నీకు తేలికైంది" అనేవాడు.

గొలుసు తిరిగే రేకు రాసుకుని రాసుకుని నల్లబడింది. నల్లబడనీ. అది బజార్లో దొరుకుతుంది.

ఇలా హాయిగా సాగుతుండగా ఓ గాలివానకి పెరట్లో పెద్దచెట్టు కూలి గోడ మీద అడ్డంగా పడింది. ఆ ఆదివారమే మా చెల్లెలూ, మరిదీ భోజనానికొచ్చారు. మా మరిది వాషింగ్ మిషన్లు బాగుచేస్తాడు. మంచివాడే, కానీ చెయ్యి ఊరికే ఉండదు. మా ఇంటికొస్తే కాఫీ చల్లారేలోపు ఏ తలుపు గడియో, ఏ కుళాయో సరిచేసి గానీ కూర్చోడు. మగవాళ్ళిద్దరూ పెరట్లోకి వెళ్ళారు. నేనూ చెల్లెలూ వంటింట్లో ఉన్నాం.

రంపం మొదలైంది. ఎప్పటిలాగే కీచుమంటూ అరిచి ఆగిపోయింది. అలవాటైన చప్పుడే, నా పని నేను చేసుకుంటున్నాను. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఈసారి చప్పుడు వేరేగా ఉంది. బొంగురుగా, బరువుగా, ఆగకుండా. ఆ వెంటనే ఏదో దబ్బున పడింది.

"బావ బాగానే కోస్తున్నాడే" అంది చెల్లెలు.

చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తాను.

మా ఆయన కూలిన మొద్దు మీదెక్కి నిలబడ్డాడు. నిక్కరు, హవాయి చెప్పులు. రంపాన్ని ఛాతీ ఎత్తున పట్టుకుని దాని ముక్కుని కొమ్మల్లోకి దూర్చి పొడుస్తున్నాడు. పొట్టు తెల్లగా ఎగిరిపడుతోంది. మా మరిది ముఖం వెలిగిపోతోంది.

"వదినా, గొలుసు తిరగేసి ఉంది. సరిచేశా. ఎవడో తలమాసినవాడు బిగించాడు."

ఆ తలమాసినదాన్ని నేనేనని చెప్పే వ్యవధి లేదు. "ఆపండీ" అని అరిచాను. ఇంజను చప్పుడులో ఆయనకేం వినపడుతుంది. నన్ను చూసి, మెచ్చుకోడానికొచ్చాననుకుని, ఎడమచెయ్యి తీసి ఊపాడు. అప్పుడే రంపం ముక్కు లోపలి కొమ్మకి తగిలింది. రంపం ఎగదన్ని ఆయన ముఖం మీదికి లేచింది. ఆ ఊపుకి బ్రేకు టక్కున పడింది. గొలుసు గడ్డం ముందు ఆగిపోయింది. ఆయన మొద్దు మీద చతికిలబడ్డాడు, ఒక చెప్పు జారి కింద పడింది.

నేను వెళ్ళి స్విచ్ కట్టేశాను. రంపం లాక్కుని దూరంగా పెట్టి, గడ్డం, మెడ, ఛాతీ, తొడలు అన్నీ తడిమి చూశాను, వార్డులో చూసినట్టే. గీత కూడా లేదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

మరిదికి ఏం చెయ్యాలో తోచక, "అయితే అసలు ఎవరు తిరగేశారది" అన్నాడు.

"నేనే."

మా ఆయన తలెత్తాడు. "ఎప్పట్నించి?"

"ఎప్పట్నించో."

"ఎందుకు?"

"మీరంటే ప్రాణం కాబట్టి. చెబితే వినరు కాబట్టి. మిమ్మల్ని డ్రెస్సింగ్ రూం బల్ల మీద పడుకోబెట్టి కట్టు కట్టడం నావల్ల కాదు కాబట్టి."

ఆయన కింద పడ్డ చెప్పుకేసి చూస్తూ తల దించుకున్నాడు. ఇన్నాళ్ళకి మనిషికి బుర్రకెక్కిందని నాకు జాలేసింది, దగ్గరికి తీసుకోబోయాను. ఆయన ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. మా మరిది వైపు తిరిగాడు.

"చూశావా తమ్ముడూ. నా కోతలో ఏ లోపమూ లేదు. గొలుసే తిరగేసి ఉంది."

నేను లోపలికెళ్ళి అటక మీంచి అన్నీ దించాను. ఫొటోకి తప్ప ఎండ ముఖం చూడని ప్యాంటు నేను తొడుక్కుని, నడుముకి బెల్టు బిగించాను. హెల్మెట్టు, కళ్ళద్దాలు, చెవిమూతలు, చేతి తొడుగులు పెట్టుకున్నాను. గొలుసు బిగువు చూసి, నేల మీద కాళ్ళు గట్టిగా ఆనించి, రంపాన్ని రెండు చేతులా పట్టుకుని, నడుము ఎత్తు దాటకుండా చెట్టంతా కోశాను. వాళ్ళు ముగ్గురూ మెట్ల మీద కూర్చుని చూశారు.

ఇంజను ఆపి చెవిమూతలు తీసేసరికి పక్కింటాయన గోడ మీంచి తొంగి చూస్తున్నాడు.

"అబ్బో, ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"నేనే నేర్పాను" అన్నాడు మా ఆయన మెట్ల మీంచి లేచి వస్తూ.

అసలు సంగతి చెప్పబోయాను. దగ్గరికొచ్చాక కనపడింది, ఆయన గడ్డం కింద నల్లటి నూనె చుక్క. అది గొలుసు చిమ్మిన చుక్క. గొలుసు అంత దగ్గరికొచ్చింది.

చేతి తొడుగు విప్పి వేలితో తుడిచాను. రెండో చేత్తో రంపాన్ని నా వెనక్కి జరిపాను.