కలం పిల్లల చేతికి

లెక్కల టీచరమ్మ వృత్తలేఖిని ముట్టకుండా బోర్డు మీద సున్నా చుడితే, పిల్లలు కొలిచి చూసి నోళ్లు వెళ్లబెట్టేవారు. అలా బడిలో ఆవిడకు 'సున్నా టీచర్' అనే పేరు స్థిరపడిపోయింది. మార్కుల్లో సున్నాలు వేస్తుందేమోనని కొత్త పిల్లలు హడలిపోతుంటే, పాతవాళ్లు నవ్వుకునేవారు.

ఆ ఏడాది సుద్దబోర్డు తీసేసి స్మార్ట్ బోర్డు బిగించారు. మొదటిరోజే టీచరమ్మ గీసిన గీత మెలికలు తిరిగింది. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ అంతే.

"దిక్కుమాలిన బోర్డు! చెప్పిన మాట వినదే!" అని పిల్లలతోపాటు తానూ నవ్వేసింది.

ఎన్నాళ్లకీ అది దారికి రాకపోయేసరికి హెడ్మాస్టరు మెకానిక్‌ని పిలిపించారు. అతను తెర మూలల్లో వేలితో తాకి సరిచూసి, బోర్డు కలంతో అడ్డంగా ఒక గీత లాగాడు. తాడు బిగించి కట్టినట్టు వచ్చింది.

"బోర్డు బాగానే ఉంది మేడమ్," అంటూ కలం అందించబోయి, ఆవిడ చేతివైపు చూశాడు. కలం బల్ల మీద పెట్టి సామాను సర్దుకున్నాడు.

టీచరమ్మ కూడా తన చెయ్యి చూసుకుంది. సుద్దముక్కను గట్టిగా అదిమిపట్టి ఇన్నాళ్లూ తనకు తెలియకుండానే అణిచేసిన వణుకు, ముట్టుకుంటే చాలు గీత పడే తెర మీద బయటపడిపోయింది. అది నరాల జబ్బని, మందులతో నెమ్మదిస్తుందే కానీ పోదని డాక్టరు తేల్చేశాడు.

"ఇక మానెయ్యవే. చేసిన చాకిరీ చాలదా?" అంది ఇంట్లో తోడుండే అక్క, ఆవిడ జాకెట్టు గుండీలు పెడుతూ.

"మానేసి నీ మొహం చూస్తూ కూర్చోనా?" అని కసిరింది టీచరమ్మ.

మర్నాడు తరగతికి వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుంది.

"ఇవాళ్టి నుంచి కలం మీదే. త్రిభుజం గీసి, ఒక మూల పట్టుకుని లాగండి. కోణాలు ఏమవుతున్నాయో చూసి చెప్పండి."

"విడివిడిగా మారుతున్నాయి టీచర్! కలిపితే మాత్రం అంతే వస్తోంది!"

"ఎందుకని? గీసినవాళ్లు కాదు, ఇంకొకరు చెప్పాలి."

ఎన్నడూ నోరు విప్పనివాళ్లు సైతం తోసుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్లారు. పోట్లాడుకున్నారు, చెరిపారు, మళ్లీ గీశారు. ఇన్నేళ్లూ వీళ్లకి వీపు చూపించి నిలబడ్డానా అని టీచరమ్మ మనసు చివుక్కుమంది.

ఒకరోజు హెడ్మాస్టరు మిగతా టీచర్లను వెంటబెట్టుకొచ్చారు. "బోర్డు వాడటమంటే ఇదీ! మనలో కొందరు దాన్ని సినిమా తెర చేసేశారు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ తట్టుకోలేకపోయింది. "నన్ను పొగడకండి సార్. చెయ్యి సహకరిస్తే నేనే గీసేదాన్ని," అంటూ వణికే చెయ్యి చాపింది. చప్పట్లు ఆగిపోయాయి.

ఆ పద్ధతి మిగతా తరగతులకూ పాకింది. మరుసటి ఏడాదికి జబ్బు ముదిరి టీచరమ్మ గొంతు కూడా సన్నగిల్లింది. ఒకనాడు బోర్డు దగ్గరున్న అమ్మాయి, "ఏమన్నారు టీచర్?" అని మళ్లీ మళ్లీ అడిగింది. ఎంత ప్రయత్నించినా మాట ముందు బెంచీల దాకా వెళ్లలేదు. మీరే కానివ్వండన్నట్టు ఆవిడ తలాడించింది. పిల్లలు వాదించుకుని, తప్పు వాళ్లే పట్టుకుని, జవాబు రాబట్టారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

గంట కొట్టేదాకా వాళ్లనే చూస్తూ కూర్చుని, ఆ సాయంత్రమే ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేసింది. సెలవు పెట్టుకోమని హెడ్మాస్టరు బతిమాలినా వినలేదు.

ఇంటికొచ్చి అక్క ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అక్క ఆవిడ జుట్టు నిమురుతూ కూర్చుంది.