కొట్లో పలకని మాట

మార్కాపురం బజారులో హనుమంతరావు కిరాణా కొట్టుకు పోయి కందిపప్పు ఉందా అని అడిగితే, లేకపోయినా లేదనరు. "నిండుకుంది" అంటారు. "కుదరదు", "తప్పు" లాంటి మాటలు ఆ గడప లోపల ఎవరూ ఎత్తకూడదు. గుమస్తా తూకంలో పొరపడినా "సరిచేద్దాం" అనాలే గానీ తప్పు జరిగిందనకూడదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని హనుమంతరావు వాళ్ల నాయన చెప్పి పోయాడు. ఆయన మంచి నోరు అన్నాడు గానీ నిజం చెప్పని నోరు అనలేదు. ఆ తేడా కొడుకు బుర్రకు ఎక్కలేదు.

అలాంటి కొట్టుకు కోడలు సింధు యాప్ తయారు చేసింది. ఊళ్లోనే ఇంజనీరింగ్ చదివిన పిల్ల. పుల్లలచెరువు వైపు పల్లెల వాళ్లు బస్సుల కోసం పడిగాపులు పడకుండా ఫోనులోనే సరుకులు ఎంచుకుని, చివర్లో నంబరూ పాస్‌వర్డూ కొడితే ఆర్డరు కొట్టుకు చేరుతుంది, మర్నాడు ఆటోలో సరుకులు పోతాయి. ప్రారంభం రోజున హనుమంతరావు కొబ్బరికాయ కొట్టి, ఫోనుకు కుంకుమ బొట్టు పెట్టి, మొదటి ఆర్డరు తనే పెట్టబోయాడు. పాస్‌వర్డు కొట్టగానే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. "పాస్‌వర్డు తప్పు. మీ ఆర్డరు ఇంకా మాకు చేరలేదు. మళ్లీ కొట్టండి. మరిచిపోయి ఉంటే ఇక్కడ నొక్కండి."

"ఏందమ్మాయ్ ఇది?" అన్నాడు హనుమంతరావు, ఎవరో చెంప మీద కొట్టినట్టు. "తప్పంటాది, చేరలేదంటాది, పైగా మరిచిపోయినావంటాది! బోణీ పూట బేరం మొహాన ఎవురన్నా ఇట్ల అంటారా?"

"మీరు తప్పు కొట్టినారు మామయ్యా. అదే చెప్పింది."

"నేనా? నలబై ఏళ్ల నుంచి ఈ గల్లాపెట్టె ముందర కూర్చున్నోణ్ని. తీసెయ్యి ఆ మాట. నేను చెప్పింది రాయి."

ఆయన చెప్పాడు, ఆమె రాసింది. పసుపు రంగు అక్షరాలు, చుట్టూ మామిడాకుల తోరణం, కింద దండం పెడుతున్న చేతులు. "శుభం! మీ రాక మాకెంతో సంతోషం. మళ్లీ మళ్లీ దయచేయండి." పాస్‌వర్డు తప్పు పడినా అదే, నంబరు తప్పు పడినా అదే, సిగ్నలు లేకపోయినా అదే.

"ఆర్డరు పోలేదని వాళ్లకెట్ల తెలుస్తాది మామయ్యా?"

"ఇంగితం ఉన్నోళ్లకు తెలుస్తాదిలే."

ఇంగితం ఎప్పుడూ ఎదుటివాడి దగ్గర ఉండాల్సిన సరుకని ఆయన నమ్మకం. సింధు ఇంకా వాదించింది. కానీ కొట్టు మామయ్యది, తోరణమూ మామయ్యదే. ఇక ఊరుకుంది. హనుమంతరావు మాత్రం పక్క కొట్ల వాళ్లకు ఫోను తెరిచి మరీ చూపించాడు. "మా యాప్ ఎవుర్నీ పల్లెత్తు మాటనదు" అని మురిసిపోయాడు. ఆర్డర్లు అంతంత మాత్రంగా వస్తుంటే, పల్లెటూరి వాళ్లకు చేతకావడం లేదని తేల్చేశాడు.

ఒకరోజు సాయంత్రం పుల్లలచెరువు అవతలి పల్లె నుంచి మాలకొండయ్య ఫోను చేశాడు. వాళ్ల అమ్మ ఆదిలక్ష్మమ్మ కాలం నుంచీ ఆ ఇంటికి సరుకులు ఈ కొట్టు నుంచే పోతాయి. అడవి పక్క ఊరు, మాట తెగి తెగి వినిపిస్తోంది.

"అన్నా, ఫోన్లో సరుకులు పెట్టినా. అందిందా? రేపు పొద్దునకల్లా రావాల."

ఆర్డరు వచ్చిందో లేదో చూడాలంటే లేచి లోపలికి పోయి సింధును అడగాలి. రాలేదని తేలితే "రాలేదు" అని చెప్పాలి. ఆ మాట ఆయన నోటికి అలవాటు లేదు.

"అంతా శుభమే తమ్ముడూ. మన కొట్లో అందకపోవడమనేది ఉంటాదా?" అన్నాడు. అవతల ఫోను తెగిపోయింది.

రెండు రోజులు గడిచాక మాలకొండయ్య కొట్టు మెట్లెక్కాడు. నున్నగా గొరిగిన గుండు. అది చూడగానే హనుమంతరావు గల్లాపెట్టె ముందు నుంచి లేచాడు.

"ఏంది తమ్ముడూ ఇది! ఎవురు?"

"మా అమ్మ." మాలకొండయ్య ఫోను తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. తెర మీద పసుపు అక్షరాలు, తోరణం. "దినానికి నీ కొట్లోనే సరుకులు పెట్టినా. పొద్దున్నించి రోడ్డు మీద నిలబడి నీ ఆటో కోసం చూసినా. నీళ్ల ట్యాంకరొచ్చింది, బియ్యం రాలే. బంధువులు విస్తర్ల ముందర కూర్చుంటే ఇంటింటికీ పోయి గిద్దెడు గిద్దెడు అడుక్కొచ్చి చారన్నం పెట్టినా."

సింధు లోపలి నుంచి వచ్చి ఫోను చూసి, ఏ నంబరు కొట్టాడో మాలకొండయ్యను అడిగింది. "మామా, నువ్వు కొట్టింది ఫోను తెరిచే నంబరు. యాప్ పాస్‌వర్డు వేరే. అందుకే ఆర్డరు రాలే."

"అయితే తప్పని చెప్పొచ్చు గదమ్మా! తప్పంటే నేనేమన్నా ఉరేసుకుంటానా? ఇంకోసారి కొడతా. అప్పటికీ కాకుంటే బస్సెక్కి వస్తా." అతను హనుమంతరావు వైపు తిరిగాడు. "అమ్మ దినానికి సరుకులు పెడితే శుభమంటాది. సంతోషమంటాది. మళ్లీ మళ్లీ రమ్మంటాది. మళ్లీ రావాలంటే ఇంక మా ఇంట్లో ఎవురు పోవాలన్నా?"

బజారంతా వింటోంది. హనుమంతరావు అనాల్సిన మాట ఒక్కటే, దాన్ని పసిపిల్లలు కూడా అనగలరు. ఆయన నోరు తెరిచాడు. నాలుక మీదికి అలవాటైనదే వచ్చింది.

"ఏం చేస్తాం తమ్ముడూ. అంతా మన మంచికే."

సింధు చప్పున కళ్లు మూసుకుంది. మాలకొండయ్య ఆయన్ని కాసేపు తేరిపార చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

"తమ్ముడూ, చెప్పకుండా పోతుండావేంది!" హనుమంతరావు గడప దాకా పరుగెత్తాడు. "వస్తానని ఒక్క మాట అనిపో నాయనా!"

చావింటి నుంచి వెళ్లేవాళ్లు వస్తామని చెప్పరు. మాలకొండయ్య కూడా చెప్పలేదు. వెనక్కి తిరగకుండా రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఇంకో కిరాణా కొట్లోకి పోయాడు.