ఎనిమిది పోగుల దారం

అనసూర్యకు భయపడడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. కుక్కర్ కూత ఆలస్యమైతే మూత ఎగిరిపోతుందని వాకిట్లోకి వెళ్ళి నిలబడుతుంది. పెనిమిటి పరశురాములు కరీంనగర్ నుంచి రావాల్సిన బస్సుకు రాకపోతే, తర్వాతి బస్సు వచ్చేలోపే ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేయిస్తుంది. "నువ్వు భయపడ్డవాటిల్ల సగమన్న నిజమైతే గర్షకుర్తిల ఒక్క మనిషి మిగలకపోవు" అని అతను ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. ఈ మధ్య ఆ మాట అనడం మానేశాడు. ఒక భయం నిజమై ఇంటికి వచ్చింది మరి. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకుని, ముందరి అర్రలో మంచం మీద కూర్చుని ఉంది.

సాయిచంద్ ఒక్కడే కొడుకు. ఇంటర్ తర్వాత గల్ఫుకు పోయి, సముద్రం నడుమ ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన, నూనె తోడే కట్టడంలో పనికి కుదిరాడు. దాన్ని రిగ్గు అంటారని, అక్కడికి హెలికాప్టర్లో తీసుకుపోతారని చెప్పిన రోజు అనసూర్యకు అన్నం దిగలేదు. పైన హెలికాప్టర్, కింద నీళ్ళు, నడుమ నూనె, నూనె పక్కన నిప్పు. ఇన్ని భయాలు ఒక్కచోట ఉంటాయని ఆమె ఊహకు కూడా అందలేదు.

కొడుకు మాత్రం ఆ పని గురించి సంబురంగా చెప్పేవాడు. సామాను ఎత్తడం, కట్టడం ఒక పనైతే, యంత్రాల కింద రేకు పళ్ళేలు పెట్టి, ఎక్కడన్నా నూనె కారితే తెల్లటి గుడ్డలు పరిచి పీల్పించడం ఇంకో పని. చుక్క కూడా సముద్రంలో పడకూడదు. సిగరెట్టు పీక, ప్లాస్టిక్ కవరు, ఏదీ పడకూడదు. "అంత సముద్రంల ఒక్క చుక్క పడితే ఏమైతదిరా?" అని అనసూర్య ఒకసారి అడిగింది.

"అందరు గట్లనే అనుకుంటరవ్వా. మా రిగ్గు కిందికి తాబేళ్ళు వస్తయి. గాలి పీల్చుకునేతందుకు తల బైటికి పెడుతయి. గా నూనె వాటి ముక్కుల్ల పోతది."

ఆనాటి నుంచి ఆమె ఫికర్లలో తాబేళ్ళు కూడా చేరాయి. సాయంత్రం ఫోన్లో కొడుకు ముఖం కనబడగానే తిన్నావా అని అడిగేది, తర్వాత తాబేళ్ళు మంచిగున్నాయా అని అడిగేది. చివరికి "ఏదీ, చెయ్యి చూపెట్టు" అనేది. చేతికి దారం ఉందో లేదో చూసుకుంటే గాని ఫోన్ పెట్టనిచ్చేది కాదు.

మొదట్లో కట్టింది కొండగట్టు అంజన్న దగ్గర తెచ్చిన ఎర్ర నూలు దారం. రిగ్గు మీద రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు మీటింగు పెడతారు. సేఫ్టీ ఆఫీసర్ ముందు అందరూ చేతులు చాపి నిలబడాలి. ఉంగరం, గడియారం, దారం, ఏదుంటే అది తీసేయాలి. తిరిగే యంత్రం దగ్గర చేతికి ఏమీ ఉండకూడదని రూలు. అట్లా ఆ దారం తెగింది. ఆ సాయంత్రం ఫోన్లో ఒట్టి మణికట్టు చూసి అనసూర్య ముద్ద ముట్టలేదు. తెల్లారీ ముట్టలేదు. పరశురాములు కసిరినా, ఫోన్లో కొడుకు బతిమాలినా పెదవి విప్పలేదు.

కొడుకు సెలవు మీద వచ్చేసరికి ఆమె ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. నూలు చెమటకు నానితే తెగుతుంది, తెగితే అపశకునం. ఇంటి ముందరి రేకుల షెడ్డులో పరశురాములు నడిపే సాంచాల మీద, ఆ కరెంటు మగ్గాల మీద, నడిచేది పాలిస్టర్ పోగు. ఎనిమిది పోగులు కలిపి, తొడ మీద పెట్టి పేనింది. పాలిస్టర్ పసుపును పట్టదు. అందుకని రెండోసారి ముంచింది. అంజన్న పాదాల దగ్గర పెట్టించింది. సాంచా మీద తెగిన పోగును అతికే ముడితో కొడుకు చేతికి కట్టింది. ఆ ముడి గుంజిన కొద్దీ బిగుసుకుంటుంది గాని ఊడదు. తీస్తే నా మీద ఒట్టే అని చెయ్యి నెత్తిన పెట్టించుకుంది. ఎద్దును కట్టినా తెగదని ముచ్చటగా చెప్పుకుంది కూడా.

ఆ సెలవు అయిపోయి పోయినవాడు, మూడు నెలలు తిరగకముందే చెయ్యి లేకుండా వచ్చాడు.

విమానాశ్రయం నుంచి వచ్చిన కారు వాకిట్లో ఆగినప్పుడు అనసూర్య ఖాళీ చొక్కా చేతిని చూసి అక్కడే కూలబడింది. సాయిచంద్ ఆమె పక్కన కూర్చుని, ఎడమ చేతితో ఆమె ముఖం తుడిచాడు. "ఏడ్వకవ్వా. నీ దారం ఉండబట్టి చెయ్యితోని పోయింది. లేకుంటే నేనే పోదును" అన్నాడు.

ఆ మాటే ఆమెను లేపి నిలబెట్టింది. పుండు మానేదాకా, ఆసుపత్రికి తిప్పేదాకా, రాత్రి లేని వేళ్ళు గుంజుతున్నాయని కొడుకు మూలిగినప్పుడల్లా, ఆమె ఆ మాటనే పట్టుకుని బతికింది. చెయ్యి పోయింది, పానం నిలిచింది. నిలిపింది తన దారం. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. తనే స్వయంగా ముద్దలు కలిపి కొడుకు నోట్లో పెట్టింది. నేనే తింటానని సాయిచంద్ అనేవాడు. ఎడమ చేతితో చెంచా పట్టుకుంటే స్టీలు కంచం జరిగి జరిగి గోడదాకా పోయేది. అది చూడలేక ఆమె కంచం లాక్కునేది.

హనుమండ్లు వస్తున్నాడని తెలిసిన రోజు ఆమె మళ్ళీ ఎనిమిది పోగులు తీసింది. హనుమండ్లుది బోథ్ దగ్గర పల్లె, పత్తి పండించే ఇల్లు. సాయిచంద్‌తో పాటే ఒకే డెక్కు మీద పని చేసేవాడు. ఆ రోజు యంత్రాన్ని ఆపే ఎర్ర మీట కొట్టింది అతనే. సెలవు అయిపోయి మళ్ళీ పోతూ, చుట్టుతిరుగుడైనా సాయిచంద్‌ను చూసి పోదామని నిర్మల్ మీదుగా వచ్చాడు.

అన్నాలయ్యాయి. షెడ్డులో సాంచాలు టకటక కొట్టుకుంటున్నాయి. అనసూర్య పసుపు దారం తెచ్చి హనుమండ్లు ముందు కూర్చుంది. అతను సాయిచంద్ వంక చూశాడు. సాయిచంద్ కిటికీ వంక చూశాడు.

"నాకెందుకవ్వా? మా ఆయి కట్టింది తీసి సూట్‌కేసుల పెట్టుకున్న" అన్నాడు హనుమండ్లు. అతనిది మహారాష్ట్ర అంచు ఊరు. అవ్వను ఆయి అంటాడు.

"మీ ఆయిది నూలుదైతది. ఇది తెగదు బిడ్డా" అంటూ ఆమె ముడి వేసింది. చేతికి రావాల్సిన బిగువు వచ్చిందో లేదో వేలు దూర్చి చూసింది. పని నుంచి వచ్చాక రోజూ సాయిచంద్‌కు ఫోన్ చేసి చెయ్యి చూపించాలని ఒట్టు కూడా పెట్టించుకుంది. హనుమండ్లు తలూపాడు. బస్సెక్కి తీసేద్దామనుకున్నాడో ఏమో.

అప్పుడు అనసూర్య సంతోషంగా చెప్పింది. "నువ్వొక్కనివే గాదు. మా వాడకట్టు ఐలవ్వ కొడుకు కుమార్ గూడ గిట్లాంటి పనికే పోయిండు. పోయిన నెల వచ్చి అడిగితే గిదే పేని కట్టిన."

సాయిచంద్ తల తిప్పాడు. "ఎప్పుడు కట్టినవ్?"

"నువ్వు ఆసుపత్రిల ఉన్ననాడు. ఎందుకురా?"

అతను లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. హనుమండ్లు మెల్లగా, "ఇడ్సిపెట్టురా సాయీ" అన్నాడు.

"ఎట్ల ఇడ్సిపెట్టాలె? కుమార్ చేతికి ఉన్నదిరా."

తర్వాత అవ్వ వైపు తిరిగాడు. ఆమె ముఖం చూడలేక ఆమె చేతులు చూస్తూ మాట్లాడాడు. "అవ్వా, నేను నీకు అబద్ధం చెప్పిన. దారం నన్ను కాపాడలే."

ఎట్లా జరిగిందో చెప్పాడు. పొద్దున మీటింగులో దారాన్ని మోచెయ్యి వైపు కొంచెం ఎక్కించి, చొక్కా కింద దాచేవాడు. ఒక్కోనాడు తీసేద్దామనుకునేవాడు. ముడి ఊడేది కాదు. కత్తెర చేతికి తీసుకుంటే అవ్వ అన్నం మానేసి కూర్చున్న ముఖం కనబడేది. ఆనాడు బరువులెత్తే యంత్రం మీద ఇనుప తాడు, పీపాలా తిరిగే డోలుకు చుట్టుకుంటోంది. ఆ తాడులో ఒక పోగు తెగి ముల్లులా లేచి ఉంది. చెమటకు జారి చేతి తొడుగు బయటికి వచ్చిన దారం ఆ ముల్లుకు తగులుకుంది. అతను వెనక్కి గుంజాడు. దారం తెగలేదు. డోలు చేతిని లోపలికి తీసుకుపోయింది. హనుమండ్లు ఎర్ర మీట కొట్టేసరికే అయిపోయింది.

"నూనె పీల్చే గుడ్డలు ఉంటయని చెప్పిన గద. గవ్విటితోనే నా చెయ్యి చుట్టిండ్రు" అన్నాడు చివరికి.

షెడ్డులో సాంచాలు ఆగాయి. పరశురాములు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎంత విన్నాడో, తలుపు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

అనసూర్య ఏడవలేదు. ఒక్క మాట అడిగింది. "నూలుదైతే?"

హనుమండ్లు తల వంచుకున్నాడు. పోగుల నడుమ పుట్టి, పోగుల నడుమ పెళ్ళయి, చిన్ననాటి నుంచి కండెలకు పోగు చుట్టిన మనిషికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. నూలైతే పుటుక్కున తెగేది. తెగి ముల్లు మీద ఉండిపోయేది. చెయ్యి ఒంటికే ఉండేది. తెగకూడదనే కదా ఆమె ఎనిమిది పోగులు కలిపింది.

ఆమె తన చేతులు చూసుకుంది. పొద్దున కండెలు చుట్టేటప్పుడు గాజులు మోచెయ్యిదాకా ఎక్కించుకుంది, ఇంకా అక్కడే ఉన్నాయి. తిరిగే చక్రం దగ్గర గాజులు కిందికి ఉండకూడదని, కొంగు నడుముకు చుట్టుకోవాలని ఆమెకు ఎవరూ మీటింగు పెట్టి చెప్పలేదు. ఊహ తెలిసిననాటి నుంచి తెలుసు. అదే సంగతి సముద్రం మీద ఎవరో ఆఫీసర్ చెబితే ఆమెకు దేవుని మీద పగలా వినిపించింది.

లేచి సాంచాకు వేలాడే కత్తెర తెచ్చింది. హనుమండ్లు చేతిని తన ఒళ్ళో పెట్టుకుని దారం కత్తిరించింది. అది ఒక్కసారికి తెగలేదు. రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. "చేతులు ఒట్టిగుంచుకో బిడ్డా. ఒట్టిగనే మంచిగుంటయి" అంది. చెప్పులు లేకుండానే బయటికి నడిచింది.

ఐలవ్వ తన అరుగు మీద నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని బీడీలు చుడుతోంది. కుమార్‌కు ఫోన్ చేసి దారం తెంపమని చెప్పమంటే ఐలవ్వ నవ్వింది. "ఏందే అనసూర్యా, పొద్దుగాల కట్టుమంటవు, మాపటికి తెంపుమంటవు? కల గిన వచ్చిందా?"

"కల గాదు. జల్ది ఫోన్ చెయ్యి."

ఐలవ్వ నవ్వు ఆగింది. చేతిలోని ఆకు చాటలో పడేసింది. "నీ కొడుకు పానం నిలిచింది గద. మరి నా కొడుక్కెందుకు వద్దు? నా కొడుకు మంచిగుంటే నీకు కండ్లల్ల పడ్తలేదా?"

ఈ మాటకు ఇంకో రోజైతే అనసూర్య నెల రోజులు మాట్లాడకపోయేది. ఇప్పుడు అరుగు అంచు పట్టుకుని నిలబడింది. వాళ్ళంతా ఆమె చెప్పిన కథ విన్నవాళ్ళే. దారం మహిమ అని ఆమెతో పాటు దండం పెట్టినవాళ్ళే. ఇన్నాళ్ళు ఆ కథ చెప్పిన నోటితోనే ఇది కూడా చెప్పాలి.

"నా కొడుకు చెయ్యి గా దారమే తీసింది ఐలవ్వా. తెగకుంట పేనిన. తెగలే. నేనే పేనిన."

ఐలవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. తొందరలో నంబరు తప్పింది. పక్కామె అందుకుని కలిపింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. పనిలో ఉన్నాడేమో. అనసూర్యకు ఇనుప తాడు కనిపించింది, డోలు కనిపించింది, ముల్లు కనిపించింది. ఆమె జీవితంలో పడ్డ భయాలన్నీ కలిపినా ఆ మోత అంత పొడుగు లేవు.

మూడోసారికి కుమార్ ముఖం కనిపించింది. తల మీద పసుపుపచ్చ టోపీ, వెనకాల ఎండలో మెరిసే నీళ్ళు. అన్నం తింటున్నానని, ఏమైందని కంగారుగా అడిగాడు.

అనసూర్య ఫోన్ చేతిలోకి తీసుకుంది. "చెయ్యి చూపెట్టు కొడుకా" అంది.

అతను చొక్కా పైకి లాగాడు. మణికట్టుకు కాస్త పైన దారం ఉంది. పసుపు పోయి తెల్లబడింది. దాచుకున్నానని, ఎవరికీ చెప్పొద్దని నవ్వుతూ అన్నాడు.

"కత్తెర తెచ్చుకో. నేను చూస్తుండంగ తెంపు."

ఎందుకని అతను అడిగాడు, ఐలవ్వ వెనక నుంచి తెంపమని అరిచింది. ఎవరి దగ్గరో చాకు తెచ్చి కోసుకున్నాడు. తెగిన దారాన్ని విసిరెయ్యబోతుంటే అనసూర్య ఆపింది. "నీళ్ళల్ల ఎయ్యకు. తాబేళ్ళు ఉంటయి. చెత్త డబ్బాల ఎయ్యి."

ఇల్లు చేరేసరికి హనుమండ్లు వెళ్ళిపోయాడు, బస్సు వేళయిందట. సాయిచంద్ గడప మీద కూర్చుని ఉన్నాడు.

"తెంపిండా?"

"తెంపిండు."

ఆమె అతని పక్కన కూర్చుంది. మడిచిన చొక్కా మీద చెయ్యి వేద్దామని ఎత్తి, వెయ్యలేక తన ఒళ్ళోకి తీసుకుంది. పోగులు పేని పేని చూపుడువేలి మీద పడ్డ గీత ఎర్రగా ఉంది. "నాకెందుకు చెప్పకపోతివిరా?" అంది.

"చెప్తే నువ్వు బతుకవనుకున్నవ్వా."

ఆ మాటకు ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. సాయిచంద్ ఆపలేదు. పరశురాములు ఆ సాయంత్రం సాంచాలు నడపలేదు. రేకుల షెడ్డు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది.

చీకటి పడుతుండగా ఆమె లేచి అన్నం వండింది. పప్పు పోసి కొడుకు ముందు కంచం పెట్టింది. అలవాటుగా ముద్ద కలపడానికి చెయ్యి ముందుకు పోయింది. ఆగింది. చెంచా తెచ్చి అతని ఎడమ చేతికి ఇచ్చింది.

మొదటి చెంచాకే కంచం జరిగింది. అన్నం మెతుకులు బండ మీద పడ్డాయి. సాయిచంద్ మళ్ళీ ప్రయత్నించాడు. అనసూర్య రెండు చేతులతో కంచం అంచు పట్టుకుని, అతను తినడం అయిపోయేదాకా కదలకుండా అట్లాగే పట్టుకుని కూర్చుంది.